రిపోర్టులో రాయని ఇల్లు

గోడ దూకాడు!

మోకాలు రేకు అంచుకు కొట్టుకుంది. చర్మం లేచిపోయింది. చూసుకునే టైమ్ లేదు.

వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇద్దరు.

"పోలీస్! ఆగురా!"

ఉపేందర్ ఆగలేదు. టెర్రస్ మీద ఆరేసిన దుప్పట్లను తోసుకుంటూ పరిగెత్తాడు. ఎదురుగా హాస్టల్ కిటికీలు. కోచింగ్ పిల్లలు పుస్తకాల మీద వంగి ఉన్నారు. ఒకరిద్దరు తలెత్తి చూశారు. మళ్లీ దించుకున్నారు.

మెట్లు... గల్లీ... బజ్జీల బండి... మెయిన్ రోడ్డు!

దిల్‌సుఖ్‌నగర్. ఆదివారం రాత్రి. చీరల షాపుల ముందు జనం, ఫుట్‌పాత్ నిండా బండ్లు. భుజం భుజం రాసుకునే జనం.

అందులో దూరాడు. జేబురుమాలు ముఖానికి కట్టుకున్నాడు.

పొద్దున్నుంచి అతని ముఖం ఊరంతా తిరుగుతోంది. ప్రతి టీవీలో, ప్రతి వాట్సాప్ గ్రూపులో అదే వీడియో. కోచింగ్ సెంటర్ మెట్లు దిగుతున్న ఒక అమ్మాయి. కాస్త వెనకగా స్కూటర్ మీద ఉపేందర్. బస్టాప్‌లో అమ్మాయి. పాన్ డబ్బా పక్కన ఉపేందర్. ఇంకో రోజు, ఇంకో చొక్కా... మళ్లీ అమ్మాయి. మళ్లీ ఉపేందర్.

అమ్మాయి పేరు రజిత. ఆ కోచింగ్ సెంటర్లో రిసెప్షనిస్టు. శుక్రవారం సాయంత్రం నుంచి కనబడటం లేదు.

ఎత్తుకుపోయింది వీడే అంటోంది ఊరు.

వీడియోలో అబద్ధం ఒక్కటీ లేదు. అదే అతన్ని చంపుతోంది. ఉపేందర్ నిజంగానే ఆమె వెంట తిరిగాడు.

అది అతని పని.

బోర్డు మీద ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అని ఉంటుంది. టిఫిన్ సెంటర్ పైన ఒక్క గది. పగలు టేబుల్, రాత్రి మడతమంచం. చేసేది పెళ్లి సంబంధాల విచారణ. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఎవరైనా ఉన్నారా, ఇంట్లో గొడవలున్నాయా... కనుక్కుని రిపోర్టు రాసివ్వడం. అతని మాట మీద ఎన్నో పెళ్లిళ్లు జరిగాయి. ఒక్క పెళ్లికీ అతన్ని పిలవలేదు. డిటెక్టివ్‌ను పెట్టి కనుక్కున్నామని ఎవరు చెప్పుకుంటారు?

నెల కిందట దశరథ వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో సన్నటి గొలుసు, ముఖం నిండా నవ్వు. కొడుక్కి ఒక సంబంధం అనుకుంటున్నామనీ, పిల్ల ఎలాంటిదో చూసి చెప్పాలనీ అన్నాడు. పనిలో పనిగా ఉపేందర్‌ది ఏ ఊరో అడిగాడు. మునుగోడు దగ్గరని చెప్తే ఇంటిపేరు అడిగాడు. అమ్మగారి ఊరు అడిగాడు. వేళ్ల మీద ఏదో లెక్క కట్టాడు.

"అరె... అయితే నువ్వు నాకు అల్లుడివైతవ్ రా!"

అల్లుడు.

అమ్మ పోయాక ఆ గదిలో ఉపేందర్‌ను వరస పెట్టి పిలిచినవాడు లేడు. టీ రెండుసార్లు తెప్పించాడు ఆ రోజు.

మామ అయినవాణ్ని ఆధార్ కార్డు అడుగుతారా? అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమంటారా? ఊళ్లో తెలిస్తే ముఖం మీద ఉమ్మేస్తారు. అడగలేదు. ఫోన్ నంబరు ఒక్కటే తీసుకున్నాడు.

ఇప్పుడు ఆ నంబరు స్విచాఫ్.

దశరథ అనే మనిషి వచ్చాడనడానికి కాగితం ముక్క లేదు. శుక్రవారం సాయంత్రం ఎక్కడున్నావంటే... గదిలో. ఎవరితో? ఎవరితోనూ కాదు. ఎవరైనా చూశారా? గోడలు చూశాయి.

తోడు లేనివాడికి సాక్షి కూడా ఉండడు.

మెట్రో స్టేషన్ కింద పోలీస్ జీపు!

ఉపేందర్ తల వంచుకుని, పండ్ల బండి పక్కనుంచి జారుకున్నాడు. మెట్ల మీద నుంచి ఓరగా వెనక్కి చూశాడు. తరుముతున్న ఇద్దరూ జీపు దగ్గరికి రాగానే పరుగు ఆపేశారు. షాపింగ్‌కు వచ్చినవాళ్లలా నడుస్తున్నారు. జీపులోవాళ్లతో ఒక్క మాట కూడా అనలేదు.

అదృష్టం అనుకున్నాడు. అంతకుమించి ఆలోచించలేదు.

రైలెక్కాడు. తలుపులు మూసుకున్నాయి.

బోగీ నిండా జనం. పక్కనున్నావిడ ఫోన్లో అతని వీడియో ఆడుతోంది. ఎదుటివాడి ఫోన్లోనూ అదే. ఇంతమంది చేతుల్లో అతని ముఖం ఉంది. ఒక్కరూ తలెత్తి అతని వైపు చూడటం లేదు.

ఎప్పుడూ అంతే. ఈ రాత్రి అదే కాపాడుతోంది.

ఎల్బీ నగర్‌లో దిగాడు. వెనక ఎవరూ కనబడలేదు.

ఎక్కడికి పోవాలో అతనికి తెలుసు. ఈ ఊళ్లో అతనికి ఒక్కడికే తెలుసు.

రజిత వెంట తిరిగిన రోజుల్లో ఆమె అప్పుడప్పుడు హాస్టల్‌కు పోకుండా ఇటు వచ్చేది. మెయిన్ రోడ్డు వెనక గల్లీలో ఒక చిన్న ఇల్లు. బ్లౌజులు కుట్టే ఆవిడ. ఉపేందర్ ఆరా తీశాడు. ఆవిడ రజితకు సొంత అక్క, యాదలక్ష్మి. తాగొచ్చి కొట్టే మొగుణ్ని వదిలేసి వచ్చింది. పోచంపల్లిలో తల్లిదండ్రులు ఆమె చచ్చిందనుకున్నారు. ఎవరడిగినా మాకు ఒక్కతే బిడ్డ అంటారు. పోలీసులకూ అదే చెప్పి ఉంటారు.

రిపోర్టులో ఉపేందర్ ఆ ఇంటి సంగతి రాయలేదు.

మొగుణ్ని విడిచిన అక్క ఉందని తెలిస్తే చాలు, చెల్లెలికి వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది. ఇలాంటివి అతను రాయడు. వృత్తికి అది తప్పే. పిల్ల మంచిది, పెళ్లి కావాలి, అంతే అనుకుంటాడు.

ఆ పిల్ల బతికి ఉంటే... అక్కడే ఉండాలి.

తలుపు కొట్టాడు.

"ఎవరు?"

"బ్లౌజు కోసం అమ్మా."

గడియ తీసిన చప్పుడు. తలుపు సందు. కుట్టుమిషను మీద లైటు. వేలాడుతున్న చీరల వెనక...

రజిత!

బతికే ఉంది. చేతిలో పెద్ద కత్తెర. దాని మొన అతని గొంతు వైపే ఉంది.

"గీడే అక్కా. నా ఎనుక తిరిగినోడు గీడే."

ఉపేందర్ రెండు చేతులూ పైకెత్తాడు. ఇంత దూరం పరిగెత్తింది ఈ ముఖం చూడటానికే. ఆ ముఖంలో ఉన్నది అతనంటే భయం.

"ఎత్తుకపోయిన్నని నా మీద కేసు పెట్టిన్రు" అన్నాడు చివరికి.

"నన్నెవరు ఎత్తుకపోలే. నిన్ను జూసే పారిపోయొచ్చిన."

గోడకు ఆనుకుని, చేతులు కిందికి దించకుండానే అన్నీ చెప్పాడు. సంబంధం విచారణ సంగతి. దశరథ. అల్లుడన్న పిలుపు. కత్తెర దిగలేదు కానీ రజిత వింటోంది. ఆ మామ ఎట్లుంటాడని అడిగింది. తెల్ల చొక్కా, సన్నటి గొలుసు, ఎడమ కనుబొమ్మ మీద గాటు అని చెప్పాడు.

కత్తెర మెల్లగా దిగింది.

"ఆయన వంశీకృష్ణ వాళ్ల నాయిన. ఈసారి కార్పొరేటర్ టికెట్ కోసం తిరుగుతుండు."

వంశీకృష్ణ ఎవరో చెప్పింది. పోయినేడు ఒక తెల్లవారుజామున ఎల్బీ నగర్ చౌరస్తాలో లచ్చయ్య అనే ముసలాయన రోడ్డు ఊడుస్తున్నాడు. వంశీకృష్ణ కారు వచ్చి గుద్దింది. దిగాడు, చూశాడు, ఎక్కి వెళ్లిపోయాడు. ముసలాయన అక్కడే ప్రాణం విడిచాడు. చూసింది ఇద్దరు. ఒక ఆటోడ్రైవరు, బస్సు కోసం నిలబడ్డ రజిత. ఆటోడ్రైవరు కోర్టులో నాకేం తెలియదన్నాడు. మిగిలింది ఆమె ఒక్కతే. రేపు ఆమె సాక్ష్యం.

"నాయినను గూడ కొన్నరు. నేను సాక్షం జెప్పనని మాటిచ్చిండట. ఇప్పుడు పోలీసులకు దొర్కితే ఏం జేస్తరు? తప్పిపోయిన పిల్ల దొరికిందని నాయిన చేతుల వెడ్తరు. గంతే. రేపు నన్ను గడప దాటనియ్యడు."

తనవల్లే దశరథకు ఆమె ప్రతి అడుగూ తెలిసింది. ఏ బస్సు, ఏ టైమ్, ఏ సందులో ఒంటరిగా నడుస్తుంది... అన్నీ చక్కగా టైప్ చేసి ఇచ్చాడు.

ఉపేందర్ చేతులు కిందికి దించాడు.

అప్పుడే గుర్తొచ్చింది. జీపు!

ఆ ఇద్దరూ పోలీసులైతే జీపును చూసి ఎందుకు నడక మార్చారు? ఇరుకు గల్లీలో చెయ్యి చాస్తే అందేవాణ్ని ఎందుకు అందుకోలేదు?

పట్టుకోవడానికి తరమలేదు. ఇటు తోలారు. గొర్రెను తోలినట్టు!

రజిత దొరకలేదు వాళ్లకు. రిపోర్టులో కొన్ని సాయంత్రాల లెక్క తేలకపోయేసరికి, ఏదో దాచాడని దశరథ కనిపెట్టాడు. ముందే తన మనుషులతో తీయించి పెట్టుకున్న ఆ వీడియోలు ఊరంతా తిప్పాడు. పేరు కడుక్కోవడానికైనా వీడు ఆమెను వెతుక్కుంటూ పోతాడని లెక్కేశాడు.

గల్లీ మొదట్లో కారు ఆగింది.

లైట్లు ఆరిపోయాయి.

దారి ఒక్కటుంది. ఇప్పుడే పోలీసులకు ఫోన్ చేయడం. ఇదిగో, పిల్ల బతికే ఉంది అని చూపించడం. ఈ రాత్రికే అతని పేరు కడిగినట్టవుతుంది. రేపు పొద్దున తండ్రి వచ్చి రజితను తీసుకుపోతాడు. వంశీకృష్ణ కేసు నుంచి బయటపడతాడు.

ఇంకో దారి... దానికి యాదలక్ష్మి ఒప్పుకోవాలి.

"ఒక్క మాట అడుగుత" అన్నాడు యాదలక్ష్మితో. "అడగరానిదే. బయట వాళ్లున్నరు. నేను మీ మనిషినని చెప్పాలె. జర సేపు."

యాదలక్ష్మి అతన్ని పైనుంచి కింద దాకా చూసింది. మోకాలి దగ్గర నెత్తురు చూసింది.

"బస్తీ ఇప్పటికే నన్ను శాన అన్నది. గిదొకటి ఎక్కువ" అంది. చెల్లెల్ని చీరల వెనక్కి నెట్టింది.

ఉపేందర్ బయటికొచ్చాడు. తలుపు దగ్గరికి వేశాడు.

ముగ్గురు. తరిమిన ఇద్దరూ అటూ ఇటూ. మధ్యలో దశరథ. అదే తెల్ల చొక్కా.

"ఉరికి ఉరికి అలిసినట్టున్నవ్ అల్లుడా. లోపల ఎవరున్నరు?"

"నా మనిషి."

"నాకెవ్వరు లేరన్నవు గద?"

"చెప్పుకునేటిది కాదు మామా."

దశరథ నవ్వాడు. నమ్మలేదు. ఒకడు తలుపు వైపు అడుగేశాడు.

తలుపు దానంతటదే తెరుచుకుంది. యాదలక్ష్మి! చేతిలో అన్నం కంచం. జుట్టు విప్పుకుని ఉంది.

"బువ్వ సల్లారబట్టె. వీళ్లెవరు? నువ్వొచ్చుడే తక్కువ, నీ ఎంబడి జాతర గూడనా?"

ఉపేందర్ కంచం వైపే చూశాడు. అబద్ధమే. అయినా అన్నం చల్లారిపోతోందని అతనితో ఎవరైనా అని ఎన్నాళ్లయింది?

దశరథ ఫోన్ టార్చి ఆమె ముఖం మీద వేశాడు. కళ్లు చిట్లించాడు. ఏదో పోలిక కనబడింది!

"నిన్నెక్కడ్నో జూసినట్టుందే."

"చూసే ఉంటవ్. నీ అసుంటి పెద్దమనుషులు జూడని దాన్నా?"

అనుచరుడొకడు కిసుక్కుమన్నాడు. దశరథ అటు చూడగానే నోరు మూశాడు.

"లోపటికి జరుగు. ఇల్లు జూడాలె" అన్నాడు దశరథ.

"రా." యాదలక్ష్మి గడప మీంచి పక్కకు తప్పుకుంది. గొంతు పెంచింది. గల్లీ ఆ చివరకు వినబడేలా. "రా పటేలా, సిగ్గెందుకు? చెప్పులిడిచి రా. నీ కారుగ్గూడ జర లైటెయ్యి. నా ఇంటికి ఎవరొచ్చిన్రో అందరెరుకుండాలె గద!"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. పైన బాల్కనీలో లైటు. ఎవరో ఫోన్ పైకెత్తారు. వీడియో!

దశరథ కాలు గడప ముందు ఆగిపోయింది.

సాక్షిని మాయం చేయగలడు. తండ్రిని కొనగలడు. కానీ ఈ గడప... కార్పొరేటర్ టికెట్ కోసం తిరుగుతున్న మనిషి. మొగుణ్ని విడిచిన ఆడదాని ఇంట్లోకి రాత్రి పూట దూరాడని రేపు ఎల్బీ నగర్ అంతా చూస్తుంది. అనుచరుణ్ని పంపినా వెనకున్నది ఎవరో అందరికీ తెలుసు.

కాలు వెనక్కి తీశాడు. కానీ కళ్లు లోపలున్న చీరల మీదే ఉన్నాయి. ఒక చీర కదిలింది... గాలికా?

ఇంకొక్క క్షణం ఆగితే అయిపోయేలా ఉంది.

ఉపేందర్ దశరథ చెయ్యి పట్టుకున్నాడు. పక్కకు లాగాడు.

"ఆ పిల్ల కోసమే గద మామా? ఆ పిల్ల ఇగ లేదు."

దశరథ గిర్రున ఇటు తిరిగాడు.

"లేదంటే?"

"శుక్రవారం నన్ను జూసింది. ఒర్రింది. నోరు మూసిన... ఇగ లేవలే. నాగోల్ బ్రిడ్జి మీదికెల్లి మూసీల పడేసిన. పారిపోదామని చివరిసారి గీమెను జూడనీకి ఒచ్చిన. నన్ను కాపాడు మామా."

తన గొంతే వేరే ఎవరిదోలా వినబడింది.

దశరథ అతన్నే చూస్తున్నాడు. కళ్లల్లోకి. చాలాసేపు.

ఆ పిల్ల పోయింది. చంపినవాడు వేరే ఒకడు. ఊరంతా ముందే నమ్మింది కూడా. ఇంతకంటే ఏం కావాలి?

"అయ్యో పాపం" అన్నాడు దశరథ. అతని భుజాలు మాత్రం తేలిగ్గా కిందికి దిగాయి. "కాపాడుత గని... ముందు పోయి ఒప్పుకోవాలె అల్లుడా. నేనే తోల్కపోత."

కారెక్కేటప్పుడు ఉపేందర్ వెనక్కి చూశాడు. యాదలక్ష్మి గడపలోనే నిలబడి ఉంది. కంచం చేతిలోనే ఉంది.

పోలీస్ స్టేషన్. ట్యూబ్‌లైటు.

పారిపోతుంటే పట్టుకుని అప్పజెప్పినట్టు దశరథ చెప్పాడు. ఎస్సై రామారావు కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. ఉపేందర్ చెప్పినదంతా వీడియో తీశారు. చీకట్లోనే నాగోల్ బ్రిడ్జికి తీసుకెళ్లి, ఎక్కడ పడేశావో చూపించమన్నారు. కింద నల్లటి నీళ్లు. ఎక్కడో ఒకచోట వేలు చూపించాడు. లైట్లు వేసి వెతికారు. ఏమీ దొరకలేదు. తెల్లారాక చూద్దామన్నారు.

మళ్లీ స్టేషన్‌కు వచ్చేసరికి దశరథ ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. కాలు మీద కాలు వేసుకుని.

"నిన్ను అరెస్టు చేసినట్టు మీవాళ్లకి చెప్పాలయ్యా" అన్నాడు రామారావు. గోదావరి వైపు మాట. "రూలు. ఒక పేరు చెప్పు. ఎవరున్నారు నీకు?"

ఎన్ని ఫారాల్లో ఈ గడి ఖాళీగా వదిలేశాడో ఉపేందర్‌కే తెలియదు. ఇవాళ మొదటిసారి ఒక పేరు నాలుక చివరి దాకా వచ్చింది.

దశరథ టీ తాగడం ఆపాడు. వింటున్నాడు.

"ఎవరూ లేరు సార్."

ఆ రాత్రి లాకప్‌లో నిద్ర పట్టలేదు.

రజిత రేపు రావాలి. వస్తుందా? ఆమె ఎందుకు రావాలి? అతను ఆమె వెంటపడ్డవాడు. ఆమె రాకపోకలన్నీ శత్రువుకు అమ్మినవాడు. తెల్లారగానే అక్కాచెల్లెళ్లిద్దరూ ఏ బస్సో ఎక్కి ఎటో పోతే? తప్పని ఎవరంటారు?

ఆమె రాకపోతే వంశీకృష్ణ ఇంటికి పోతాడు. ఉపేందర్ హంతకుడిగానే మిగిలిపోతాడు. తన నోటితో తానే చెప్పాడు.

సోమవారం. ఎల్బీ నగర్ కోర్టు.

రిమాండ్ కోసం తెచ్చారు. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. చేతికి బేడీ, బేడీ అటు చివర కానిస్టేబుల్. పక్కన కూర్చోబోయినవాళ్లు వీడియోలో మనిషేనని గుర్తుపట్టి లేచిపోయారు. బెంచీ అంతా ఖాళీ.

ఎదురు హాల్లోనే లచ్చయ్య కేసు. గుమ్మం దగ్గర దశరథ. పక్కన కొడుకు వంశీకృష్ణ, కొత్త బూట్లు, చేతిలో ఫోన్. లాయరు ఏదో జోకు చెప్పాడు. ముగ్గురూ నవ్వారు.

బంట్రోతు బయటికొచ్చాడు.

"రజితా..."

వరండాలో ఎవరి గోల వాళ్లది.

"రజితా..."

ఉపేందర్ మెట్ల వైపు చూశాడు. ఎవరెవరో ఎక్కుతున్నారు. ఎవరెవరో దిగుతున్నారు. ఆమె లేదు.

లాయరు కోటు సర్దుకుని లోపలికి నడిచాడు. దశరథ అటు నుంచే ఉపేందర్ వైపు చూశాడు. జాలిగా తల ఊపాడు. అల్లుణ్ని చూసినట్టే.

"రజితా..."

చివరి పిలుపు.

ఉపేందర్ కళ్లు మూసుకున్నాడు.

"వచ్చిన సార్."

కళ్లు తెరిచాడు!

మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు. రొప్పుతున్నారు. ముందున్నామె ముఖానికి చుట్టుకున్న చున్నీ తీసింది. రజిత!

వంశీకృష్ణ చేతిలో ఫోన్ జారి కిందపడింది. దశరథ నోరు తెరిచాడు. ఆమె వాళ్ల మధ్య నుంచే నడిచింది. ఎవరి వైపూ చూడలేదు. లోపలికి వెళ్లింది.

తలుపు మూసుకుంది.

దశరథ మెల్లగా ఇటు తిరిగాడు. ఉపేందర్‌ను చూశాడు. పక్కనున్న యాదలక్ష్మిని చూశాడు. రాత్రి టార్చి వెలుగులో కనబడ్డ పోలిక ఎవరిదో ఇప్పుడు అర్థమైంది అతనికి. ముఖం పాలిపోయింది.

యాదలక్ష్మి చెప్పులు చప్పుడు చేసుకుంటూ వచ్చింది. ఖాళీగా ఉన్న బెంచీ మీద, ఉపేందర్ పక్కనే కూర్చుంది. బేడీ వైపు ఒకసారి చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఎస్సై రామారావు ఫైలు చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు. మూసిన తలుపు వైపు చూశాడు. బెంచీ మీద ఇద్దరినీ చూశాడు. తెల్లారినప్పటి నుంచి మూసీలో దిగి వెతుకుతున్న మనుషులు గుర్తొచ్చినట్టున్నారు.

వంగి, ఉపేందర్ చెవి దగ్గర అడిగాడు.

"మరి రాత్రి నువ్వు చంపానన్నది ఎవర్నయ్యా?"